దేవుడి దగ్గర నా మీద చాడీలు

ఆ రోజుల్లో అత్తలు కోడళ్ళను తిట్టేవాళ్ళని, సాధించేవాళ్ళని, నానా మాటలూ అనేవాళ్ళని ఇప్పటి పిల్లలు జాలిగా చెప్పుకుంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. తిట్టించుకున్నవాళ్ళు అదృష్టవంతులమ్మా! తిడితే తిరిగి ఒక మాట అనవచ్చు. అనే ధైర్యం లేకపోతే గిన్నెలైనా ఎత్తి కుదెయ్యవచ్చు. అదీ చేతకాకపోతే పుట్టింటికి పోయి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడవవచ్చు. మా అత్తగారు నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. ఎవరినైనా అడగండి (అడగడానికి ఇప్పుడు ఎవరూ మిగల్లేదనుకోండి), 'ఆవిడా? బంగారం లాంటి మనిషి, కోడల్ని పల్లెత్తు మాట అనదు' అనే చెబుతారు. నిజమే, అనలేదు. నాతో అనవలసినవన్నీ దేవుడితో అనేవారు. రోజూ సాయంత్రం, కుటుంబ ప్రార్థనలో, మోకాళ్ళ మీద ఉండి, కళ్ళు మూసుకుని, గొంతెత్తి, నా ఎదురుగానే. పైగా అంతా అయ్యాక నేను 'ఆమేన్' అనాలి! అంటే ఏమిటన్నమాట? నా మీద పెట్టిన కేసుకు నేనే సంతకం చెయ్యాలి. ఎక్కడైనా ఉందా ఈ అన్యాయం?

ఇది డెబ్బైల్లో సంగతి. మేము బెజవాడ మాచవరంలో ఒక పెంకుటింట్లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. మా ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. నేను టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరును. నెత్తికి హెడ్‌సెట్టు తగిలించుకుని, బోర్డు ముందు కూర్చుని, ఈ ఊరివాళ్ళను ఆ ఊరివాళ్ళతో కలపడం నా పని. 'ఇద్దరు మాట్లాడుకుంటుంటే వినకూడదు, విన్నా మధ్యలో నోరు తెరవకూడదు' అని ట్రైనింగులో మాకు గట్టిగా చెప్పారు. ఇంటికి వచ్చాక కూడా అదే డ్యూటీ చెయ్యవలసి వస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. మా పాపకు అప్పటికి రెండేళ్ళు దాటాయి. నాకు ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం షిఫ్టు. నేను డ్యూటీకి పోతే పాపను చూసుకునే ముసలమ్మ ఒకావిడ ఉండేది. కూతురి పురిటికని గుడివాడ వెళ్ళిన మనిషి ఇక తిరిగి రాలేదు. దాంతో మా ఆయన వాళ్ళమ్మగారికి కబురు పెట్టారు. వాళ్ళది పామర్రు దగ్గర పల్లెటూరు. మామగారు మా పెళ్ళికి ముందే పోయారు. ఆవిడ బియ్యం బస్తాతో, ఆవకాయ జాడీతో, ఉయ్యూరు బెల్లంతో బస్సు దిగి, 'నాలుగు రోజులుండి వెళ్తానబ్బాయ్, అక్కడ గేదె నా కోసం బెంగపెట్టుకుంటుంది' అన్నారు. చంకలో మడతపెట్టిన గోనెపట్టా ఒకటి ఉంది, ప్రార్థన చేసేటప్పుడు మోకాళ్ళ కింద వేసుకోవడానికి. అరిగి అరిగి రెండు చోట్ల గుంటలు పడి ఉంది. అది చూసినప్పుడే నేను జాగ్రత్త పడవలసింది.

మొదటి రోజు సాయంత్రమే కొలువు తీరింది. మా ఆయన ఒక అధ్యాయం చదివారు, ఒక పాట పాడుకున్నాం, మోకరించాం. ఆవిడ అందుకున్నారు. 'ప్రేమగల మా పరలోకపు తండ్రీ, ఈ దినమంతయు మమ్మును నీ రెక్కల చాటున కాపాడినందుకు నీకు స్తోత్రములు' అని మొదలుపెట్టి, ప్రభుత్వాన్ని, కాలవల మీద పనిచేసే లస్కర్లను, చేలను, చేలల్లో ఎలుకలను, వాళ్ళ ఊరి అయ్యగారి (మాలో పాస్టరుగారిని అలాగే అంటాం) నడుం నొప్పిని వరసగా దేవుడికి అప్పగించారు. ఎంత చక్కటి ప్రార్థన అనుకున్నాను. ఇక ముగిస్తారు కాబోలని నేను చీర సర్దుకుంటుంటే, గొంతు కాస్త తగ్గించి అసలు సంగతిలోకి దిగారు. 'తండ్రీ, ఈ ఇంటి ఇల్లాలిని నీ పాదముల యొద్ద పెడుతున్నాము. చదువుకున్న పిల్ల. ఉద్యోగం చేసే పిల్ల. పప్పు మెదిగిందో లేదో చూసుకునే తీరిక ఆ బిడ్డకు లేదు, ఆ తీరికను నీవే దయచేయుము. పసిదాని తలకు నూనె పెట్టి ఎన్నాళ్ళయిందో నీకు తెలియును, నాకు తెలియదు. మంచినీళ్ళ కుండ మీద మూత ఉండదు. నేను అనలేను ప్రభువా, అంటే బాధపడుతుంది. నీవే నెమ్మదిగా చెప్పుము.' నేను టక్కున కళ్ళు తెరిచాను. ఆవిడ కళ్ళు మూసుకునే ఉన్నారు, ముఖంలో ఎంత శాంతం! మా ఆయన తల వంచి వంచి దాదాపు నేలకు ఆనించేశారు. చివర అందరితోపాటు అలవాటు కొద్దీ నా నోట కూడా 'ఆమేన్' వచ్చేసింది. అన్నాక తెలిసింది దేనికి అన్నానో. అప్పుడు ఆవిడ లేస్తూ, 'ఆమేన్ గట్టిగా అనాలమ్మాయ్. ఇంట్లో ఒక్కరు అనకపోయినా ఆ ప్రార్థన పెంకులు దాటి పైకి పోదు' అన్నారు.

పెంకులు దాటడం సంగతి దేవుడెరుగు, గోడ మాత్రం దాటింది. ఆ కాలపు వాటాల ఇళ్ళలో మధ్యగోడ పైకప్పు దాకా ఉండేది కాదు. అవతలి వాటాలో ఇంటివాళ్ళే ఉండేవారు. ఆ ఇంటావిడను మేము పిన్నిగారు అనేవాళ్ళం. పొద్దున్నే తులసికోటకు నీళ్ళు పోసుకుని, బొట్టు పెట్టుకుని, తిన్నగా మా గుమ్మంలోకి వచ్చారు. 'ఏవమ్మాయ్, నిన్న మీ పప్పు మెదగలేదంట కదా?' అన్నారు. 'మీకెవరు చెప్పారండీ?' అన్నాను. 'మీ అత్తగారే. నాతో కాదనుకో, దేవుడితో చెబుతుంటే విన్నా. ఎంత బాగా చెబుతారమ్మా! మా పంతులుగారు చదివే మంత్రాలు నాకొక్క ముక్క బోధపడవు. ఈవిడవి అన్నీ బోధపడుతున్నాయి' అని మెచ్చుకుని, నా మంచినీళ్ళ కుండ వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు.

ఆ వేళ ఆఫీసుకు బయలుదేరుతున్న మా ఆయనను వాకిట్లోనే పట్టుకున్నాను. 'ఏవండీ, మీ అమ్మగారు నన్ను అందరి ముందూ అలా అనవచ్చా?' అన్నాను. 'అమ్మ నిన్నేమందే? దేవుడితో చెప్పుకుంది' అన్నారు, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ. 'దేవుడికి చెవుడా? మనసులో చెప్పుకుంటే వినపడదా ఆయనకు?' అన్నాను. 'ప్రార్థనకు అడ్డం చెబుతామా? తప్పు' అన్నారు. ఎవరికి తప్పండీ? కుండ మీద మూత లేదని పరలోకానికి ట్రంక్ కాల్ చేసిన మనిషికి తప్పు లేదు, విన్నదానికి తప్పు! నేను అలా అడిగేలోపే ఆయన సైకిలెక్కి వీధి మలుపు తిరిగిపోయారు. మగవాళ్ళకు సైకిళ్ళు అందుకే కనిపెట్టి ఉంటారు.

సరే, వజ్రాన్ని వజ్రంతోనే కోయాలని నేనూ నిర్ణయించుకున్నాను. కుటుంబ ప్రార్థనలో నాకూ ఒక వంతు ఉండేది. అప్పటిదాకా చిన్నప్పుడు ఆదివారపు బడిలో నేర్చుకున్న నాలుగు ముక్కలు అప్పజెప్పి ఊరుకునేదాన్ని. ఆ సాయంత్రం గొంతు సవరించుకుని, 'ప్రభువా, పొద్దస్తమానం హెడ్‌సెట్టు పెట్టుకుని చెవులు దిమ్మెక్కి ఇంటికి వచ్చిన ఆడబిడ్డలను జ్ఞాపకం చేసుకొనుము. వారు గుమ్మంలో అడుగు పెట్టగానే ఒక గ్లాసు కాఫీ ఇవ్వాలన్న దయగల మనసును ఇంట్లోని పెద్దలకు అనుగ్రహించుము' అన్నాను. అని, ఒక కన్ను సందు చేసి చూశాను. ఆవిడ 'ఆమేన్!' అన్నారు. నా కన్నా గట్టిగా, ఇల్లు అదిరేలా! గోడ అవతల పిన్నిగారి చేతిలో చెంబు ఆగిన చప్పుడు కూడా వినపడింది. మర్నాడు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి కాఫీ లేదు. సాయంత్రం ప్రార్థనలో మాత్రం జవాబు ఉంది. 'తండ్రీ, కాఫీ వలన పైత్యము చేయునని తెలియక అడిగిన వారిని క్షమించుము. మజ్జిగ ఉట్టి మీద ఉన్నదని వారికి బయలుపరచుము.' చూశారా? మజ్జిగ ఉందని నాతో చెప్పవచ్చు కదా! పక్కనే ఉన్నాను!

ఇక అక్కడి నుంచి రోజూ ఇదే వరస. ఆవిడ ప్రార్థన పెరిగింది, నాదీ పెరిగింది, మధ్యలో మా ఆయనది దారి తప్పింది. మా మాటల్లో ఎటు వంగినా ఇంకొకరికి కోపం వస్తుందని ఆయన ఇంటి విషయాలు ఎత్తడమే మానేశారు. మా ఇంట్లో కొట్లాట గురించి తప్ప లోకంలో అన్నిటి గురించీ ప్రార్థించేవారు. ఆఫ్రికాలో మిషనరీల గురించి, కొల్లేటి మీదికి వచ్చే పక్షుల గురించి కూడా ప్రార్థించారు. నేను మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్ళిన రోజుల్లో అత్తగారు నేను వచ్చేదాకా ప్రార్థన మొదలుపెట్టేవారు కాదు. ఎందుకు మొదలుపెడతారు? ముద్దాయి లేకుండా కోర్టు ఎలా నడుస్తుంది? అయితే ఒక్క మాట, నేను లేనప్పుడు పాపను చూసే తీరులో మాత్రం వేలెత్తి చూపడానికి నాకేమీ దొరికేది కాదు. వెతకలేదని కాదు, బాగా వెతికాను. తలకు నూనె, కంటికి కాటుక, కడుపుకు వేళకింత మెత్తటి అన్నం. పాప ఆవిడ చెంగు పట్టుకుని వంటింటికీ వాకిటికీ తిరుగుతూ ఉండేది. నేను ఇంటికి వస్తే ఎవరో చుట్టం వచ్చినట్టు చూసేది. అది ఇంకా కడుపు మంట.

వచ్చిన నాలుగు రోజులు నెల అయింది. ఒక శుక్రవారం చర్చి స్త్రీల సమాజం వాళ్ళు మా ఇంట్లో కూడుకున్నారు. నేను పొద్దుటి షిఫ్టు చేసుకుని, ఉప్మాలోకి కరివేపాకు కొనుక్కుని ఇంటికి వచ్చేసరికి చాపల నిండా ఆడవాళ్ళు. వచ్చినవాళ్ళు తమ తమ ప్రార్థన మనవులు చెప్పుకుంటున్నారు. ఒకావిడకు బావి నీళ్ళు ఉప్పగా ఉన్నాయట, ఒకావిడ కొడుకు పరీక్ష తప్పాడట. మా అత్తగారి వంతు వచ్చింది. 'నా మనవరాలి కోసం ప్రార్థన చెయ్యండమ్మా. తల్లి షిఫ్టుల మీద తిరుగుతుంది, పిల్లకు ఒక వేళాపాళా లేదు. నాతో మా ఊరు తీసుకుపోయి పెంచుదామని నా ఆశ. పాడి ఉంది, గాలి ఉంది, ఆదివారపు బడి ఉంది. సోమవారం బస్సుకు బయలుదేరుదామనుకుంటున్నా. దేవుని చిత్తమైతే పిల్ల నాతో వస్తుంది' అన్నారు. కరివేపాకు నా చేతిలోనే ఉండిపోయింది. నా పిల్లను తీసుకుపోతానని ఆవిడ నాకు చెప్పలేదు, బావి నీళ్ళ ఆవిడకు చెప్పారు! ఆడవాళ్ళందరూ తలలు వంచి, ఒకరి తరువాత ఒకరు, నా పిల్ల నా దగ్గర ఉండకూడదని, నా ఇంట్లో, నా చాపల మీద కూర్చుని ప్రార్థించారు. నా ఉప్మా కూడా తిన్నారు. పోతూ పోతూ అయ్యగారి భార్య నా భుజం మీద చెయ్యి వేసి, 'అంతా మన మేలుకేనమ్మా' అన్నారు. ఎవరి మేలండీ?

ఆ రాత్రంతా నేనూ మా ఆయనా గుసగుసలుగా పోట్లాడుకున్నాం. 'ముసలమ్మ తిరిగి రాదు, ఇంకెవరూ దొరకడం లేదు, నువ్వు ఉద్యోగం మానలేవు. పాప కొన్నాళ్ళు అక్కడ ఉంటే ఏమైంది?' అన్నారు. ఏమైందా? ఇప్పటికే నన్ను చుట్టంలా చూస్తున్న పిల్ల, ఏడాది పోతే 'ఈవిడెవరు నాయనమ్మా' అనదూ? ఉద్యోగం మానడం మాట నేను తలపెట్టను కూడా లేదు. అది మా నాన్న పట్టుబట్టి చదివిస్తే వచ్చిన ఉద్యోగం. పోనీ అత్తగారినే ఇక్కడ ఉండమని అడగవచ్చు కదా అంటారు మీరు. అడగవచ్చు. కానీ ఆవిడ రోజూ 'ఇదేం ఊరమ్మా, కొళాయి నీళ్ళు, కొండల వేడి, పక్కింటివాళ్ళు పలకరించరు' అంటుండేవారు. (పిన్నిగారు గోడకు చెవి ఆనించి కూర్చునే ఊళ్ళో పలకరింపులకు లోటట!) నన్ను రోజూ దేవుడి ముందు దోషిగా నిలబెట్టిన మనిషిని 'అత్తయ్యా, ఉండండి' అని నేను అడగడమా? నా ప్రాణం పోయినా అడగననుకున్నాను. ఆయనకు అడిగే ధైర్యం లేదు. ఆవిడ శనివారం పొద్దున్నే పాప గౌన్లు ఉతికి, ఆరేసి, మడతపెట్టి తన సంచీలో పెట్టేశారు.

శనివారం సాయంత్రం బొమ్మిడాయిల పులుసు పొయ్యి మీద నుంచి దించి ప్రార్థనకు కూర్చున్నాం. పాప ఆవిడ ఒళ్ళో నిద్రపోయింది, అందుకని ఆవిడ ఆ ఒక్క రోజూ మోకరించలేదు. మా ఆయన పక్షుల గురించి ప్రార్థించి తన వంతు కానిచ్చారు. అత్తగారు మొదలుపెట్టారు. ప్రభుత్వమూ లేదు, ఎలుకలూ లేవు, తిన్నగా విషయానికి వచ్చారు. 'తండ్రీ, ఈ పసిబిడ్డను సోమవారం నాతో పంపించుటకు దీని తల్లి మనసును సిద్ధపరచుమని యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.' మా ఆయన 'ఆమేన్' అన్నారు, చిన్నగా. నేను అనలేదు. పళ్ళు బిగించి కూర్చున్నాను. క్రైస్తవ కుటుంబంలో పుట్టి ప్రార్థనకు ఆమేన్ అనకపోవడం ఎంత పెద్ద సంగతో మా వాళ్ళకు తెలుస్తుంది. కళ్ళు తెరిస్తే ఓడిపోతానని తెరవలేదు. ఆవిడా తెరిచి ఉండరు. ప్రార్థన ఇంకా ముగియనట్టే మళ్ళీ అందుకున్నారు. 'పోనీ తండ్రీ, ఆరు నెలలు పంపించు. ఆమేన్.' నేను అనలేదు. 'పోనీ, ఈ ఎండలు తగ్గేదాకా. ఆమేన్.' ఊహూఁ. 'పోనీ, మధ్యాహ్నం షిఫ్టు ఉన్న వారాలు మాత్రం. నా కొడుకు బస్సులో తీసుకొచ్చి దిగబెట్టి వెళ్తాడు. ఆమేన్.' మార్కెట్లో దొండకాయల బేరంలాగా ఆవిడ దిగుతున్నారు, నేను కదలడం లేదు, బేరం మాత్రం దేవుడి పేరు మీద జరుగుతోంది. మా ఆయన ఏ మెట్టు దగ్గర ఆమేన్ అనాలో తెలియక ప్రతిసారీ అనేస్తున్నారు. పులుసు చల్లారిపోతోంది. ఉన్నట్టుండి గోడ అవతలి నుంచి పిన్నిగారి గొంతు, 'ఆ మాటేదో అనెయ్యవమ్మా తల్లీ! మా ఆయన కంచం ముందు కూర్చున్నారు, ఇది తేలితే గానీ నేను వడ్డించలేను!' అని.

నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. పక్కన మా ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గడం వినపడింది. కానీ అత్తగారు నవ్వలేదు. తరువాత వచ్చిన గొంతు నేను అంతకు ముందు వినని గొంతు. ప్రార్థన భాష లేదు, దయచేయుములు లేవు. 'ప్రభువా, పిల్ల లేకుండా నేను బస్సెక్కలేను. తల్లి దగ్గర నుంచి లాక్కుపోవాలని నాకు మాత్రం ఉంటుందా? ఈ ఇంట్లో నన్ను ఉండమన్నవాళ్ళు లేరు. ఒకళ్ళయినా అంటారేమోనని నెల రోజులు చూశాను. చుట్టపు చూపుగా వచ్చిన మనిషిని, నేనుంటానని నేనెలా అడిగేది? ఉండమని వీళ్ళ నోట పలికించు తండ్రీ' అన్నారు. ఈసారి ఆమేన్ అనకుండానే ఆగిపోయారు.

నేను 'ఆమేన్' అన్నాను.

ఆలోచించి అన్నానా అంటే లేదు. నోట్లోంచి వచ్చేసింది, అదీ ఏడుపు గొంతుతో. మా ఆయన కూడా అన్నారు. ఆ ఒక్కటీ ఆయన నిజంగా అన్న ఆమేన్ అనుకుంటాను. గోడ అవతల 'హమ్మయ్య' వినపడింది, ఆ వెంటనే అన్నం గిన్నె మూత తీసిన చప్పుడు. కళ్ళు తెరిచేసరికి అత్తగారు చెంగుతో ముఖం తుడుచుకుని, నా వైపు చూడకుండా, 'పులుసు వేడిచెయ్యమ్మాయ్, బొమ్మిడాయిలు చల్లారితే నీచు వాసన వస్తాయి' అన్నారు. ఉండమని నేను అనలేదు, ఉంటానని ఆవిడ అనలేదు. ఆ విషయం మా ఇద్దరి మధ్యా మళ్ళీ ఎప్పుడూ రాలేదు. సోమవారం ఒక్కరే బస్సెక్కి వెళ్ళి, గేదెను చెల్లెలి ఇంటికి తోలించి, ఆ వారంలోనే తిరిగి వచ్చేశారు.

ఇంత జరిగాక ఆవిడ మారి ఉంటారని మీరు అనుకుంటున్నారేమో! ఆ ఆదివారం సాయంత్రమే, అంటే మర్నాడే, 'తండ్రీ, ఈ ఇంట పులుసును రెండు మార్లు కాచెదరు, రుచి పోవుచున్నది' అని మొదలుపెట్టారు. పాప బడికి వెళ్ళి, కాలేజీకి వెళ్ళి, పెళ్ళయి వెళ్ళేదాకా ఆవిడ మా ఇంట్లోనే ఉన్నారు, ఆ కేసు నడుస్తూనే ఉంది. నేను సూపర్‌వైజర్ని అయితే, ఆ వేళ నేను ఎంత గర్వంగా ఇంట్లో అడుగు పెట్టానో కూడా పైకి కబురు వెళ్ళింది. నా చెయ్యి విరిగితే, డాక్టరు చెప్పిన మాట నేను వినడం లేదని వెళ్ళింది. ఇదంతా తలుచుకుంటే ఇప్పటికీ ఉక్రోషం వస్తుంది. ఇంతమందిని కన్న దేవుడికి నా కుండ మీద మూత గురించి ఎందుకండీ?

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మా అమ్మాయి వచ్చినప్పుడు కుటుంబ ప్రార్థన తనే చేస్తుంది. చక్కటి ప్రార్థన, చిన్నది, ఎవరికీ నొప్పి తగలనిది. 'మా అమ్మను ఆశీర్వదించండి ప్రభువా' అంటుంది. అంతే, ఒక్క ముక్క. పప్పు మాడ్చాననీ చెప్పదు, బీపీ మాత్ర వేసుకోవడం లేదనీ చెప్పదు, రెండూ తన కళ్ళతో చూసి కూడా. మొన్న ఉండబట్టలేక, 'అంతేనా? నా గురించి ఇంకేమీ లేదా?' అని అడిగితే, 'ఏముంది మమ్మీ, నువ్వు బానే ఉన్నావుగా' అంది. నా మీద పరలోకానికి ఒక్క ఫిర్యాదైనా వెళ్ళి ఎన్నో ఏళ్ళవుతోంది. అంత మంచిదాన్ని అయిపోయానంటే నేనైతే నమ్మను.